వివాహవస్త్రపు తెల్లదనము

ధ్యానభాగములు: మత్తయి 22:1–14, గలతీ 2:1–5, ప్రకటన 7:9–14, 19:6–9

క్రైస్తవ వివాహమునకు శుభలేఖలు అచ్చువేయించువారికి అచ్చుశాలలో చూపబడు నమూనాలలో ఒక రేఖాచిత్రము తరచుగ కనబడును. తలపై సన్నని ముసుగు, నేలమీద జీరాడు పొడుగైన తెల్లని గౌను, చేతిలో పూలగుత్తి, ప్రక్కన సూటు ధరించిన వరుడు, పైన రెండు గంటలు. కొన్ని నమూనాలలో గౌనుకు మారుగా చీర గీయబడును. అయినను ముసుగు మారదు, తెలుపు మారదు. చూచువారు దానిని అలంకారముగనే చూతురు. కాని బొమ్మలకును బోధించు శక్తి కలదు. పలుమారు చూచిన బొమ్మ క్రమముగ కొలబద్దయగును. కొలబద్ద కొంతకాలమునకు ధర్మశాస్త్రమగును. అప్పుడు, ఆ బొమ్మకు సరిపడని స్త్రీ సంఘము ఎదుట నిలిచినయెడల, ఆమెను గూర్చి తీర్పు చెప్పు అధికారము ఆ బొమ్మకు కలదా అను ప్రశ్న పుట్టును.

మొదట ఆ చిత్రము ఎచ్చటనుండి వచ్చినదో తెలిసికొనుట మంచిది. 1840 ఫిబ్రవరి 10వ తేదీన లండనులోని సెంట్ జేమ్స్ రాజభవనపు ప్రార్థనాలయములో విక్టోరియా రాణి ఆల్బర్టును వివాహమాడెను. అప్పటికి ఆమెకు 20 ఏండ్లు. ఆమె తలపై కిరీటము లేదు. నారింజపూల దండ ఉండెను. గౌను తెల్లని పట్టు. ఆ పట్టు లండనులోని స్పిటల్‌ఫీల్డ్స్ నేతగాండ్రు నేసినది. దానిపై వ్రేలాడు లేసు డెవన్ సీమలోని బీర్ అను పల్లెలోను, దాని పరిసరములలోను 200 మందికి పైగా స్త్రీలు చేతితో అల్లినది. వెనుక సాగు సుమారు 18 అడుగుల అంచును 12 మంది తోడిపెండ్లి కన్యకలు పట్టుకొని నడచిరి.

ఛాయాచిత్రకళ లోకమునకు వెల్లడియైనది 1839లో. అందుచేత ఆ వివాహమునకు ఛాయాచిత్రము లేదు. వధువు రూపము ప్రజలకు చేరినది చిత్రకారుల కుంచె ద్వారా, పత్రికలకు దిమ్మలు చెక్కిన వారి ఉలి ద్వారా. జార్జి హేటర్ ఆ వివాహఘట్టమును పెద్ద చిత్రముగ వ్రాసెను. 1847లో వింటర్‌హాల్టర్ అను చిత్రకారుడు రాణిని మరల పెండ్లిదుస్తులలో చిత్రించెను. ఇట్టి చిత్రములు, వాటి అచ్చుప్రతులు సముద్రములు దాటెను. గౌనును కన్నులార చూచినవారు కొందరే. బొమ్మను చూచినవారు లెక్కలేనివారు. నేడు లోకమంతట వ్యాపించిన ఆచారము ఆ గౌనుకంటె ఆ గౌను బొమ్మకే ఎక్కువ ఋణపడియున్నది.

రాణి తెలుపును ఏల కోరెను? అంతకుముందు ఇంగ్లండులో వధువులు తమకున్న మంచి దుస్తులను, ఏ రంగువైనను, ధరించెడివారు. రాజకుటుంబములలో వెండి జరీ వాడుక. తెలుపు ధరించినవారు లేకపోలేదు గాని అది నియమము కాదు. యంత్రము అల్లు జాలీబట్ట వచ్చిన పిమ్మట చేతిలేసు అల్లు స్త్రీల జీవనము చెడిపోయెను. స్వదేశపు పట్టు, స్వదేశపు లేసు రాణి దేహముమీద కనబడినయెడల ఆ పనివారికి గిరాకి కలుగును. తెల్లని పట్టుమీద ఆ లేసు పనితనము చక్కగ అమరును. కాబట్టి ఆ దుస్తు వెనుక కన్యాత్వమును గూర్చిన సిద్ధాంతము కంటె చేతిపనివారి కూటిని గూర్చిన ఆలోచన స్పష్టముగ కనబడుచున్నది.

సిద్ధాంతము తరువాత చేర్చబడెను. రంగులద్దిన వేషచిత్రములకు పేరుపొందిన గోడీస్ లేడీస్ బుక్ అను అమెరికా పత్రిక 1849లో, తెలుపు అనాదినుండియు కన్యక నిర్మలతకు చిహ్నమని వ్రాసెను. రాణి వివాహము జరిగి అప్పటికి తొమ్మిదేండ్లే. తొమ్మిదేండ్ల వాడుకకు అనాది అను పేరు పెట్టుటకు ఆ పత్రికవారు వెనుకాడలేదు. 1558లో స్కాట్లండు రాణి మేరీ పారిసులో తెలుపు ధరించి వివాహమాడినప్పుడు, ఫ్రాన్సు రాణులకు తెలుపు దుఃఖసూచకమైన రంగు. ఒకే రంగు ఒకచోట సంతోషము, ఇంకొకచోట సంతాపము. రంగు తనంతట తాను ఏమియు చెప్పదు. మనుష్యులు దానిచేత చెప్పింతురు.

తెలుగువారికి ఇది క్రొత్త సంగతి కాదు. తెలుగు హిందూ వివాహములలో వధూవరులు ధరించు మధుపర్కములు రంగు అంచుగల తెల్లని నూలుబట్టలే. అదే తెలుగునాట కొన్ని కులములలో భర్తను పోగొట్టుకొనిన స్త్రీకి తెల్లబట్టయే విధింపబడెను. పెండ్లిపీట మీది తెలుపును, మూలగదిలోని తెలుపును ఒకే మగ్గము మీద నేయబడవచ్చును.

ఇప్పుడు బిలాస్‌పూర్ పట్టణమును తలంచుకొనవలెను. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీవారు 1891 నాటికి నాగపూర్ నుండి బిలాస్‌పూర్ మీదుగా ఆసన్‌సోల్ వరకు ఇనుపదారి వేసిరి. 1902లో వాల్తేరు నుండి కటకము వరకు గల దారి ఆ కంపెనీ చేతికి వచ్చెను. 1931లో విజయనగరమునుండి రాయపూర్ వరకు దారి పూర్తియయ్యెను. ఇట్లు ఉత్తరాంధ్ర జిల్లాలును ఛత్తీస్‌గఢ్ సీమయు ఒకే రైల్వే కుటుంబములోనివయ్యెను. తెలుగువారు రైల్వే కొలువులకై బిలాస్‌పూర్ వచ్చి, క్వార్టర్లలో పిల్లలను పెంచి, అర్పా నది ఒడ్డున రెండు మూడు తరములు గడపిరి. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు ఆ పట్టణము కేంద్రస్థానమయ్యెను. క్రైస్తవ సాక్ష్యము అచ్చటికి రైలుకంటె ముందే వచ్చినది. డిసైపుల్స్ ఆఫ్ క్రైస్ట్ మిషనరీలు 1885లో బిలాస్‌పూర్‌లో పని ఆరంభించిరి. అక్కడి తెలుగు కుటుంబములలోను క్రైస్తవులు కలరు. వారు ఇంట తెలుగు, వీధిలో హిందీ, కార్యాలయములో ఇంగ్లీషు మాటలు కలిపి మాటలాడుదురు. వారి పెండ్లిండ్లలో తెలుగు ఆచారము, ఉత్తరదేశపు ఆచారము, విక్టోరియా కాలపు చిత్రము, మూడును ఒకే గుమ్మములో కలిసికొనును.

అట్టి పట్టణములో ఒక సంగతి జరిగినట్లు ఊహించుకొందురు గాక. రైల్వే ఉద్యోగి ఒకడు పనిలో ఉండగనే మరణించెను. కారుణ్య నియామకము క్రింద అతని భార్యకు కార్యాలయములో చిన్న ఉద్యోగము దొరకెను. ఆమెకు ముప్పది ఏండ్లు, ఒక బిడ్డ. నాలుగేండ్లు గడచిన పిమ్మట, అదే సంఘములోని ఒక సహోదరుడు, తానును భార్యను పోగొట్టుకొనినవాడు, ఆమెను వివాహమాడగోరెను. ఆమె సమ్మతించెను. దేవుని వాక్యమునుబట్టి ఆటంకమేదియు లేదు. ప్రభువునందు మాత్రమే అను నిబంధనతో విధవరాలు తనకిష్టమైనవానిని పెండ్లిచేసికొనవచ్చునని అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక ఏడవ అధ్యాయములో తేటగ బోధించెను. సంఘపెద్దలును అంగీకరించిరి. అయితే వారిలో ఒకరు మృదువుగనే ఒక మాట అనిరి: “అమ్మా, పెండ్లి సంతోషముగ జరుగనీ. తెల్లచీర, ముసుగు మాత్రము వద్దు. అవి కన్యకకు తగినవి. నీవు ఏదైన రంగుచీర కట్టుకొనుము.”

ఆ మాట చిన్నదే. కాని అది ఆమె హృదయములో ఎట్లు పడునో ఆలోచింపవలెను. నాలుగేండ్ల క్రిందట ఆమె భర్తను పాతిపెట్టిన దినమున, ఊరినుండి వచ్చిన బంధువులు ఆమెకు తెల్లచీర తెచ్చి, ఇకమీదట నీకు ఇదే అని కట్టించిరనుకొందము. నేడు సంఘము తెల్లచీర నీకు తగదని చెప్పుచున్నది. తెలుపు ఆమెకు దుఃఖదినమున బలవంతముగ కట్టబడెను, సంతోషదినమున బలవంతముగ తీసివేయబడెను. ఒక తీర్పు పై కులముల వాడుకనుండి వచ్చినది. రెండవది లండను బొమ్మనుండి వచ్చినది. ఈ రెండును ఒకదానికొకటి విరుద్ధములు. అయినను ఆ స్త్రీ విషయములో రెండును ఏకమై, భర్త పోయిన స్త్రీ ఏదో కొరతపడినది అని పలుకుచున్నవి.

ఈ భావము సువార్తది కాదు. తెలుగు జనసామాన్యమునదియు కాదు. తెలుగు గ్రామములలోని అనేక శ్రామిక కులములలో మారుమనువు పూర్వమునుండియు ఉన్నది. ఛత్తీస్‌గఢ్ పల్లెలలోను విధవరాలికి గాజులు తొడిగి మరల సంసారము నిలుపు చూడీ ఆచారము అనేక సమాజములలో కలదు. వితంతు వివాహము నిషిద్ధమైన కులములలో దానిని నడపుటకై వీరేశలింగము పంతులుగారు 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరములో మొదటి వివాహము జరిపించి ఎన్ని నిందలు పడిరో తెలుగువారు ఎరుగుదురు. అట్టి పోరాటము జరిగిన నేలమీద, తమ పూర్వులకు లేని సంకెలను క్రైస్తవులు పరదేశపు చిత్రమునుండి తెచ్చుకొనుట విచారకరము. ఆ చిత్రము లేకుండ తెలుగు క్రైస్తవ వివాహము లేదని ఎవరైన తలంచినయెడల, లండను మిషనరీ సంఘమువారు 1805లోనే విశాఖపట్టణములో తెలుగువారిమధ్య పని ఆరంభించిరని జ్ఞాపకము చేసికొనవలెను. సువార్త ఈ భాషలో వినబడిన 35 ఏండ్లకు గాని ఆ గౌను కుట్టబడలేదు.

అయితే పెద్దమనుష్యుని మాటను త్రోసివేయుట సులభము కాదు. అతడు క్రూరుడు కాడు. శీలమునకు విలువ తగ్గుచున్న కాలములో సంఘమునకు ఒక గురుతు ఉండవలెనని అతని భావము. గురుతులు మనుష్యులకు అవసరమే. ఉంగరము, ప్రమాణము, చేయి చేయి కలుపుట, ఇవన్నియు గురుతులే. ప్రతివానికి ఇచ్చివేసిన గురుతు ఎవరికిని ఏమియు చెప్పదని అతడు వాదించును. ఈ వాదమునకు జవాబు చెప్పుటకు, తెలుపు దేనికి గురుతు అను ప్రశ్నను వాక్యమునుబట్టి విచారింపవలెను.

అందుకు ఆ రేఖాచిత్రమే సహాయము చేయును. తెల్లకాగితముమీద నల్లసిరాతో గీచిన వధువు బొమ్మను దగ్గరగ చూడవలెను. ముడుతలకు గీత కలదు, లేసు అంచుకు గీత కలదు, జుట్టుకు గీత కలదు. గౌను తెలుపునకు మాత్రము గీత లేదు. చిత్రకారుడు తెలుపును వేయలేదు. సిరా తగులక మిగిలిన కాగితమే ఆ తెలుపు. ఏమియు వ్రాయబడకపోవుటయే అచ్చట నిర్మలత. విధవరాలికి తెలుపు తగదనువారి మనస్సులోని నిర్మలత ఈ జాతికి చెందినదే. జీవితము ఇంకను గీత గీయని కాగితము నిర్మలమైనది. పెండ్లి, కాపురము, ప్రసవము, మరణము తమ గీతలు గీచిన కాగితము నిర్మలమైనది కాదు. ఈ లెక్కలో నిర్మలతను పోగొట్టుకొనవచ్చును గాని పొందుటకు వీలులేదు.

పరిశుద్ధ గ్రంథములోని తెలుపు వేరు. ప్రకటన గ్రంథము ఏడవ అధ్యాయములో తెల్లని వస్త్రములు ధరించినవారు ఎవరని పెద్దలలో ఒకడు అడిగి, తానే జవాబు చెప్పుచున్నాడు. వారు మహాశ్రమలనుండి వచ్చినవారు; తమ వస్త్రములను గొఱ్ఱెపిల్ల రక్తములో ఉదికి తెలుపు చేసికొనినవారు. మరక తగులనివారని అచ్చట వ్రాయబడలేదు. ఉదికినవారు అని వ్రాయబడినది. ఉదుకుట అను క్రియకు ముందు మురికి ఉన్నది, మురికికి ముందు బ్రదుకు ఉన్నది. పరలోకమందలి తెలుపు సిరా తగులని కాగితపు తెలుపు కాదు. చాకిరేవు చేరి తిరిగివచ్చిన బట్ట తెలుపు.

పందొమ్మిదవ అధ్యాయములో గొఱ్ఱెపిల్ల భార్యకు సన్నపు నారబట్టలు ధరించుకొనుట అనుగ్రహింపబడెను. గ్రీకు మూలములో అచ్చట ‘ఎదొథే’ అను క్రియ కలదు. ఇయ్యబడెను అని దాని భావము. ఆ బట్ట పరిశుద్ధుల నీతిక్రియలని వెంటనే వివరింపబడినను, మొదటి మాట అనుగ్రహమే. వధువు దానిని పుట్టింటినుండి తెచ్చుకొనలేదు. తన గతమును ఋజువుపరచి సంపాదించుకొనలేదు. మత్తయి ఇరువది రెండవ అధ్యాయములోని ఉపమానములో సయితము రాజమార్గములనుండి చెడ్డవారును మంచివారును పోగుచేయబడిరి. ఆ విందులో వివాహవస్త్రము లేనివాడు బయటికి త్రోయబడెను. ఆ హెచ్చరిక గంభీరమైనది. అయితే ఆ వస్త్రమును పూర్వ సంఘపు తండ్రియైన అగస్టీను ఏమని వివరించెను? పవిత్ర హృదయమునుండి కలుగు ప్రేమ అని వివరించెను. అట్లయినయెడల, తెల్లచీర వద్దని విధవరాలికి చెప్పు మాటలో ప్రేమ లేనప్పుడు, వస్త్రము లేనివారు ఎవరో పెద్దలే పరీక్షించుకొనవలసియున్నది.

శీలమునకు గురుతు కావలెనను వాదములో ఇంకొక లోపము కలదు. పైన చెప్పిన వివాహములో వరుడును భార్య పోయినవాడే. అతని సూటు రంగును గూర్చి ఎవరైన విచారించిరా? అతడు మొదటి పెండ్లిలో ధరించిన రంగే నేడు ధరించినను పెద్దలు అభ్యంతరపెట్టరు. స్త్రీని మాత్రము చదువు గురుతు శీలమునకు గురుతు కాదు. దేవుడు పవిత్రతను పురుషునియందును స్త్రీయందును సమానముగ కోరుచున్నాడు. అది బోధింపవలసిన స్థలము ప్రసంగవేదిక, యౌవనుల తరగతి, తలిదండ్రుల మాదిరి; పెండ్లిదినమున ఒక స్త్రీ చీర కాదు.

అట్లని విధవరాలు తప్పక తెలుపే ధరింపవలెనని చెప్పుట మరియొక ధర్మశాస్త్రమగును. 1577 నాటి లూథరను ఒప్పుదల పత్రము పదియవ విభాగములో, దేవుడు ఆజ్ఞాపింపనివియు నిషేధింపనివియునైన ఆచారములను గూర్చి మంచి వివేకము కలదు. అట్టివాటిలో సంఘము స్వతంత్రమైనది. అయితే సువార్త సత్యము ఒప్పుకొనవలసిన సమయమున, బలవంతము ఎదుట వాటిలో సయితము లొంగరాదు. ఈ వివేకము పౌలు జీవితములోనే కనబడుచున్నది. యూదుల నిమిత్తము అతడు తిమోతికి సున్నతి చేయించెను. కాని సున్నతి లేనిది తీతు సరిపోడని కొందరు పట్టుబట్టినప్పుడు, ఒక గడియయైనను లోబడలేదు. క్రియ ఒకటే, తీర్మానములు రెండు. ఒకచోట ప్రేమ అడిగెను. ఇంకొకచోట ధర్మశాస్త్రము ఆజ్ఞాపించెను.

ఆ స్త్రీ తనంతట తాను, పోయిన భర్తను కన్న ముసలితల్లి మనస్సు నొచ్చుకొనునేమో అని ఎంచి, పసుపుచీరయో, ఆకుపచ్చచీరయో కట్టుకొనగోరినయెడల అది తిమోతి మార్గము. ఆమె ప్రేమను సంఘము గౌరవింపవలెను. కాని నీవు తెలుపునకు తగవని ఆమెకు చెప్పబడినయెడల అది తీతు విషయము. అప్పుడు కాపరి ఆమె ప్రక్కన నిలిచి, నీకు ఇష్టమైనయెడల తెలుపు ధరింపుము, ముసుగును వేసికొనుము అని పలుకవలెను. అది చీరను గూర్చిన తగవు కాదు. క్రీస్తు కడిగినదానిని అపవిత్రమనుటకు మనుష్యునికి అధికారము కలదా అను విచారణ.

మోయాబీయురాలైన రూతు విధవరాలే. బోయజు కళ్లమునకు పోవునప్పుడు స్నానము చేసి, తైలము రాచుకొని, వస్త్రములు ధరించుకొనుమని అత్త నయోమి ఆమెకు చెప్పెను. ఆ వస్త్రముల రంగును లేఖనము తెలుపలేదు. ఆమె పేరును మాత్రము మత్తయి సువార్త మొదటి అధ్యాయములో, ప్రభువైన యేసు వంశావళిలో వ్రాసియుంచెను. అచ్చట గమనింపదగినది ఆ అత్త ప్రవర్తన. తన కుమారుని పోగొట్టుకొనిన తల్లియే కోడలిని రెండవ పెండ్లికి సిద్ధపరచెను. బిలాస్‌పూర్ క్వార్టర్లలోనైనను, గోదావరి తీరమందలి పల్లెలోనైనను, ఆ వధువుకు చీర కుచ్చెళ్లు సర్దవలసిన చేయి అట్టి అత్త చేయి, అట్టి సంఘపు చేయి.

ఆ తొలి చిత్రములోని వధువు జీవితము 1840లో ఆగిపోలేదు. 1861 డిసెంబరులో ఆల్బర్టు మరణించెను. తరువాత 39 ఏండ్లకు పైగా విక్టోరియా విధవరాలుగా నల్లని దుస్తులు ధరించెను. 1901లో ఆమె మరణించినప్పుడు, ఆమె కోరికచొప్పున ఆమెకు తెల్లని వస్త్రము తొడిగి, ఆనాటి వివాహపు ముసుగును కప్పి పాతిపెట్టిరి. తొమ్మిదిమంది బిడ్డల తల్లి, విధవరాలు, 81 ఏండ్ల వృద్ధురాలు, ఆ ముసుగునకు తగదని ఎవరును అనలేదు. మరణశయ్యమీద రాణికి తగిన తెలుపు, ప్రభువునందు మరల వివాహమాడు సహోదరికి ఏల తగదు? శుభలేఖ మీది బొమ్మను ఉంచుకొనువారు ఉంచుకొందురు గాక. పెండ్లికుమార్తె ఏ రంగు ధరించి వచ్చినను, ఆమెను తీర్పుతీర్చక, అక్కా రమ్మని గుమ్మమునొద్ద ఎదుర్కొను సంఘము గొఱ్ఱెపిల్ల వివాహపు విందుకు తగిన వస్త్రమును ఇప్పటినుండియే ధరించుకొనుచున్నది.